గుట్టకు మొక్కుకున్న కోడ్

నా ఉద్యోగం ఏమిటో మా బంధువులకు చివరిదాకా అర్థం కాలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో లైసెన్సులు చూస్తానని చెబితే, మా తోడికోడలు వాళ్ళబ్బాయికి డ్రైవింగ్ లైసెన్స్ త్వరగా ఇప్పించమని అడిగింది. అది వేరు, ఇది వేరు అని వివరించబోయాను. సాయం చేయడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదా అని మూతి ముడుచుకుని, చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

మెడలో కొత్త ఐడీ కార్డు వేసుకుని రాయదుర్గం మెట్రో దిగుతున్న పిల్లలూ, మీరైనా వినండి. లోకంలో కొందరు తాము రాసిన కోడ్‌ను ఎవరైనా వాడుకోమని అందరికీ కనబడేలా పెడతారు. ఊరికే పెట్టరు, ఒక షరతు పెడతారు. ఒకాయన నా పేరు చెరపకుండా వాడుకో అంటాడు. ఇంకొకాయన, నా కోడ్ కలిపి నువ్వేది తయారుచేసి ఎవరికిచ్చినా, దాని కోడ్ కూడా నాలాగే వాళ్ళకు తెరిచి ఇవ్వాలి అంటాడు. ఆ షరతు పేరే లైసెన్స్. మా ప్రాడక్ట్‌లో అలాంటి కోడ్ ఎక్కడైనా కలిసిందేమో వెతికి, కలిస్తే గోల చేయడం నా పని. గోల చేసేవాళ్ళను ఏ ఆఫీసులోనూ ముద్దు చేయరు. నేను క్యాంటీన్‌లోకి అడుగుపెడితే డెవలపర్లు సగం టీ వదిలేసి లేచేవారు. చాలాకాలం టెస్టింగ్‌లో పనిచేశాక, ఎవరూ కూర్చోనంటున్న ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నాకు బాగానే నచ్చింది. ఒకరి తప్పు పట్టుకోవడంలో నాకు మొదటినుంచీ కాస్త సంతోషం ఉంది, దాచుకోను.

మాది మాదాపూర్‌లో బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. ఒక మనిషి పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే, ఆ ఇద్దరూ ఒకరేనా కాదా అని తేల్చడం మా ప్రాడక్ట్ పని. మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంటిపేరు ముందుంటుంది. పెళ్ళయితే మారుతుంది, కొందరికి మారదు. ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. బయటి దేశాల సాఫ్ట్‌వేర్లు మన పేర్లు చూసి చేతులెత్తేశాయి. మేం చేసి చూపిస్తామని బ్యాంకులకు మాటిచ్చి, మేమూ చేతులెత్తే దశకు వచ్చాం.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులోకి ఏఐ వచ్చింది. మీరు రెండు ముక్కలు రాస్తే, మిగతాది అదే రాసి బూడిద రంగులో చూపిస్తుంది. ట్యాబ్ మీట నొక్కితే ఆ కోడ్ మీదైపోతుంది. మా వైస్ ప్రెసిడెంట్ గారు విజయవాడవైపు మనిషి, చాలా ఉత్సాహవంతులు. ఏ టీమ్ ఎంత కోడ్ ఏఐతో రాయించిందో లిఫ్టు పక్కన పెద్ద టీవీలో పట్టీలు గీయించి పెట్టారు. పట్టీ పొట్టిగా ఉన్న టీమ్ లీడ్లకు సోమవారం ఉదయం అక్షింతలు పడేవి. దాంతో కుర్రాళ్ళు తెలివి మీరారు. అక్కర్లేని కోడ్ అడగడం, ట్యాబ్ కొట్టడం, చెరిపేయడం, మళ్ళీ అడగడం. పట్టీలు మాత్రం దివ్యంగా పెరిగాయి.

పేర్ల టీమ్‌లో ఒకమ్మాయి ఉండేది. సిరిసిల్ల వైపు పిల్ల, మాదాపూర్ హాస్టల్లో ఉండేది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆమెకొక అలవాటు. ఏ కోడ్ రాసినా ముందు దానిపైన తనకోసం ఒక కామెంట్, అంటే మనుషులు చదువుకోవడానికి పెట్టే చిన్న గమనిక, రాసుకునేది, స్నేహితులకు మెసేజ్ పెట్టినట్టు, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. ఒకరోజు అలాగే, ఇక్కడ ఇంటిపేరు ముందు వస్తది, పెండ్లయితే మారుతది అని రాసుకుంది. ఏఐ ఒక్క క్షణం ఆలోచించి, తెర నిండా కోడ్ కుమ్మరించింది. లోపల ఒక్కో పని చేసే ముక్కలకు, అంటే ఫంక్షన్లకు, పేర్లు ఇంటిపేరు, పుట్టినిల్లు, మెట్టినిల్లు. అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగే. అన్నిటికంటే కింద ఒక కామెంట్, "ఇది పనిచేస్తే గుట్టకొస్త సామీ" అని. గుట్ట అంటే యాదగిరిగుట్ట. ఆమె ట్యాబ్ నొక్కింది. కోడ్ బ్రహ్మాండంగా పనిచేసింది.

ఆ కోడ్‌ను టీమ్ లీడ్ చూశాడు, సాఫ్ట్‌వేర్ నమూనా గీసే ఆర్కిటెక్ట్ చూశాడు. ఇద్దరూ మురిసిపోయారు. అదే కోడ్‌లో ఫంక్షన్ల పేర్లు ఏ జర్మన్ భాషలోనో ఉంటే, ఇదెక్కడ దొరికిందమ్మా అని మొదటి నిమిషంలోనే అడిగేవారు. పుట్టినిల్లు, మెట్టినిల్లు అని ఉండేసరికి మనదే అనుకున్నారు. అమెరికాలో ఉన్న కంపెనీలో ఈ పొరపాటు జరగదు, బెంగళూరులో కూడా జరగకపోవచ్చు. తెలుగులో ఉన్నది మన ఇంట్లోనే పుట్టి ఉంటుందని నమ్మడం మాకే చెల్లింది. పరాయి కోడ్‌ను వెతికిపెట్టే నా స్కానర్ ప్రోగ్రామ్ కూడా పట్టలేదు. బయటినుంచి పేరుపెట్టి తెచ్చుకున్న లైబ్రరీలను, అంటే రెడీమేడ్ కోడ్ కట్టలను మాత్రమే అది చూస్తుంది. మా వాళ్ళు టైపు చేసింది మాదే కాబట్టి చూడక్కర్లేదని మా పద్ధతి. ప్రతి వరుసనూ బయటి కోడ్‌తో పోల్చి చూసే ఇంకో స్కానర్ కొనమని నేను అడుగుతూనే ఉన్నాను, వచ్చే క్వార్టర్ చూద్దామండీ అని వాళ్ళు అంటూనే ఉన్నారు.

తర్వాత కంపెనీ మీటింగ్‌లో ఆ పిల్లను వేదికమీదికి పిలిచి గాజు ట్రోఫీ ఇచ్చారు. ఆమె మైకులో, నేను రాయలే సర్, టూల్ ఇచ్చింది అని ఉన్నదున్నట్టు చెప్పింది. హాలంతా నవ్వింది. వైస్ ప్రెసిడెంట్ గారు ఆమె భుజం తట్టి, "మెషిన్‌కి పుట్టినిల్లు, మెట్టినిల్లు ఏం తెలుస్తాయమ్మా? అంత అణకువ పనికిరాదు" అన్నారు. గుట్ట మొక్కు తెరమీద పెద్దగా వేసి చూపిస్తే చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. అదే సాయంత్రం హెడ్డాఫీసుకు వెళ్ళిన రిపోర్టులో మాత్రం, ఈ కోడ్ ఏఐ సాధించిన ఘనవిజయం అని రాసి ఉంది. పొద్దున అమ్మాయిది, సాయంత్రం ఏఐది. ఇందులో తేడా ఉందని ఎవరికీ తోచలేదు.

మా ప్రాడక్ట్ కొనబోతున్న బ్యాంకు దగ్గర మాత్రం నేను అడిగిన రకం స్కానర్ ఉంది. కొనేముందు వాళ్ళు మా కోడ్ మొత్తం దాంట్లో వేశారు. పేర్ల కోడ్ దగ్గర ఎర్ర దీపం వెలిగింది. ఎవరో చాలా ముందే అందరికీ కనబడేలా పెట్టిన లైబ్రరీ అది. పుట్టినిల్లు, మెట్టినిల్లు, మొక్కుతో సహా అక్షరం పొల్లుపోకుండా అదే. లైసెన్స్ నేను చెప్పిన రెండో రకం, కలుపుకుంటే మొత్తం తెరిచి ఇవ్వాల్సిన రకం. ఆ లైబ్రరీ పైన రాసినవాడి పేరూ కాపీరైటు మాటా ఉన్నాయి. మా దాంట్లో అవి లేవు. ఏఐ మొక్కును తెచ్చింది గానీ మొక్కుకున్నవాడి పేరు తేలేదు.

ఇక చూడండి తమాషా. మెషిన్ రాయలేదు, అమ్మాయే రాసిందని అంతకుముందు పొగిడినవాళ్ళు, ఇప్పుడు మెషిన్ కాపీ కొట్టదు, అమ్మాయే కొట్టిందని తేల్చారు. మాట ఒక్కటే, అర్థం తిరగబడింది. ఏఐ నేర్చుకుంటుంది తప్ప దొంగిలించదు అని వైస్ ప్రెసిడెంట్ గారు మెయిల్ రాశారు. బ్యాంకును శాంతింపజేయడానికి తప్పు చేసినవాళ్ళను పంపించేశామని చెబితే చాలని హెచ్‌ఆర్ వాళ్ళు ఉపాయం చెప్పారు. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లను పంపడం తేలిక. కానీ కాపీరైటు ఉల్లంఘన అని కారణం చూపి పంపిస్తారు. తర్వాత ఏ కంపెనీలో చేరబోయినా వాళ్ళు ఇక్కడికి ఫోన్ చేసి అడుగుతారు, వీళ్ళు చెబుతారు. మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఒక్క గేటు కూడా ఆమెకు తెరుచుకోదు. ఆ కోడ్ ఎలా వచ్చిందో తేల్చి చెప్పే పని నాకు అప్పగించారు. ఏం తేల్చాలో కూడా మెత్తగా సూచించారు.

ఆ పిల్లను నా గదికి పిలిచాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మండిపోతోంది.

"నేను రాయలే మేడం. ఆ దినం మైకుల గదే చెప్పిన, అందరు నవ్విండ్రు. ఇప్పుడు గదే మాట చెప్తుంటె అబద్ధం అంటున్నరు. నేను ఇంకెట్ల చెప్పాలె?"

మాట మార్చడానికి, మరి ఆ మొక్కు సంగతేమిటి, అదైనా నీది కాదా అని అడిగాను.

"మా ఇంట్ల మొక్కు అంటె వేములవాడ రాజన్నకే. నేను గుట్ట ఇంతవరకు సూడనేలేదు."

నేను తెనాలిదాన్ని. ఎన్నేళ్ళుగానో హైదరాబాదులో ఉన్నా, తెలంగాణ వాళ్ళందరూ గుట్టకే మొక్కుకుంటారనుకునేదాన్ని. మా వైస్ ప్రెసిడెంట్ గారు కూడా అంతే. వేములవాడ శివుడి పక్కనే ఉన్న సిరిసిల్ల పిల్ల కోడ్‌లో గుట్ట కనబడితే అడగాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు. ఆమెను నేను నమ్మింది ఆ మాటతోనే. అయితే వేములవాడ రాజన్నను సాక్ష్యంగా చూపిస్తే లీగల్ వాళ్ళు ఒప్పుకోరు కదా.

లైబ్రరీ రాసినాయన మెయిల్ ఆ పేజీలోనే ఉంది. రాస్తే వెంటనే జవాబిచ్చాడు. తీరా చూస్తే ఆయన ఆఫీసు రాయదుర్గంలో, నా కిటికీలోంచి కనబడే టవర్లోనే. మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర కలుద్దామన్నాడు. గుట్ట పక్కనే ఉన్న ఆలేరు వైపు మనిషి, ఇప్పుడు పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ కొనుక్కుని స్థిరపడ్డాడు. కోర్టు అంటాడేమో, లక్షలు అడుగుతాడేమో అని నేను బిక్కుబిక్కుమంటూ వెళ్తే, మొక్కు సంగతి చెప్పగానే పొట్ట పట్టుకుని నవ్వాడు. చదువయ్యాక ఉద్యోగం దొరక్క రూములో ఖాళీగా ఉన్న రోజుల్లో రాశాడట. దాన్ని చూపిస్తేనే మొదటి ఉద్యోగం వచ్చిందట. మరి గుట్టకు వెళ్ళారా అంటే, నవ్వు ఆపి టీ గ్లాసు వైపు చూశాడు. ఉద్యోగం వచ్చినంక టైమ్ ఎక్కడిది మేడం అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. వాళ్ళ ఆఫీసులోనూ అదే టూల్ ఉంది. ఈ మధ్య ఇంటిపేర్ల పని ఏదో పడితే, అది ఈయన కోడే ఈయనకు తెచ్చి ఇచ్చింది, ఈయన పేరు తీసేసి. మీరేం చేశారని అడిగాను.

"ట్యాబ్ కొట్టిన మేడం. డెడ్‌లైన్ ఉండె."

ఆయన కోడ్, ఆయన పేరు లేకుండా, ఆయన చేత్తోనే ఇంకో కంపెనీ సొత్తయిపోయింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకెక్కడ దొరుకుతుంది? కానీ ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ మాట బయటికొస్తే ముందు పోయేది తన ఉద్యోగమే, దయచేసి ఎక్కడా అనొద్దని బతిమాలాడు. అననని మాటిచ్చాను, ఈ రోజుకీ ఆయనెవరో చెప్పడం లేదు. మా కంపెనీ నుంచి ఏం కావాలో చెప్పమన్నాను.

"షరతు మొదలే రాసి పెట్టిన గద మేడం. పేరు పెట్టి కోడ్ తెరువుండ్రి, లేకుంటె తీసెయ్యుండ్రి. పైసలు నాకొద్దు. ఆ పిల్లను మాత్రం ఏమనకుండ్రి. నా కోడ్ నాకే ఇచ్చె టూల్, ఆ పిల్లకు ఇయ్యదా?"

మర్నాడు కాన్ఫరెన్స్ రూములో కూర్చున్నాం. వైస్ ప్రెసిడెంట్ గారు, హెచ్‌ఆర్ మేనేజర్, చెన్నై నుంచి వచ్చిన లీగల్ హెడ్, నేను, గోడవారగా ఆ పిల్ల. నేను వేములవాడ వాదన వినిపించాను. లీగల్ హెడ్‌కు తెలుగు రాదు. ఓపిగ్గా విని, ఇది దేవుళ్ళ సరిహద్దు తగాదాలా ఉంది, కోర్టులో నిలబడదు అన్నాడు. అయితే టూల్‌నే అడిగి చూద్దాం అన్నాను. వైస్ ప్రెసిడెంట్ గారు సంతోషంగా తన ల్యాప్‌టాప్ తెరకు తగిలించి, చక్కటి ఇంగ్లిషులో, భారతీయుల పేర్లలోంచి ఇంటిపేరు విడదీయుము అని రాశారు. ఏఐ అంతే చక్కటి, ఎందుకూ పనికిరాని కోడ్ ఇచ్చింది. ఇల్లూ లేదు, మొక్కూ లేదు. ఆయన మళ్ళీ అడిగారు, మళ్ళీ అలాంటిదే వచ్చింది. చూశారుగా అన్నట్టు అందరివైపూ చూశారు. హెచ్‌ఆర్ మేనేజర్ ఆ పిల్లను పంపించే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు నేను మేలు చేయబోయి గొయ్యి తవ్వానేమో అనిపించింది.

"సర్, నేను అట్ల రాయలే" అంది ఆ పిల్ల గోడ దగ్గరనుంచి.

నువ్వెలా రాశావో అలాగే రాయి అన్నాను. ఆమె సిగ్గుపడింది. ఆ కామెంట్లు తనకోసం రాసుకునేవి, ఇంతమంది ముందు హాస్టల్ భాష రాయడానికి వేళ్ళు ఆడలేదు. చివరికి కూర్చుని, ఇక్కడ ఇంటిపేరు ముందు వస్తది, పెండ్లయితే మారుతది అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టింది. తెర ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత బూడిద రంగులో వరుసలు దిగడం మొదలైంది. ఇంటిపేరు వచ్చింది, పుట్టినిల్లు వచ్చింది, మెట్టినిల్లు వచ్చింది. అన్నీ అయ్యాక, చిట్టచివర, వైస్ ప్రెసిడెంట్ గారి సొంత ల్యాప్‌టాప్ యాదగిరిగుట్టకు మొక్కుకుంది.

లోకంలో ఇంతమంది కోడ్ బయట పెట్టినా, ఇంటిపేర్ల గురించి ఇలా తెలుగులో రాసినవాడు బహుశా ఆ ఆలేరు మనిషి ఒక్కడే. అందుకే తెలుగులో అడిగితే టూల్‌కు ఆయన తప్ప ఇంకెవరూ గుర్తు రాలేదు. ఆ పిల్ల చేసిన నేరమల్లా తన భాషలో ఆలోచించడం.

చివరి వరుసలో ఏముందని లీగల్ హెడ్ అడిగాడు. కోడ్ పనిచేస్తే ఫలానా గుడికి వస్తానని మెషిన్ మొక్కుకుందని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బయట ఉన్న కోడ్‌ను మక్కీకి మక్కీ ఇవ్వకుండా ఆపే తాళం ఈ టూల్‌లో ఉండాలి కదా, అది వేశారా అని అడిగాడు. వేయలేదు. తాళం వేస్తే ఏఐ ఇచ్చే కోడ్ తగ్గుతుంది, టీవీలో పట్టీలు పొట్టివవుతాయి. అందుకని వైస్ ప్రెసిడెంట్ గారే తీయించారు. తాళం తీసేస్తే టూల్ అమ్మిన కంపెనీ బాధ్యత కూడా పోతుందట. వైస్ ప్రెసిడెంట్ గారు ఏసీ వైపు చూస్తూ, గది మరీ చల్లగా ఉందన్నారు. లీగల్ హెడ్ హెచ్‌ఆర్ మేనేజర్ వైపు తిరిగి, ఆ కాగితాలు చింపేయమన్నాడు.

ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. క్యాంటీన్‌లో ఆ పిల్లా నేనూ సమోసాలు తిన్నాం. చుట్టుపక్కల ఎవరూ లేచిపోలేదు.

కోడ్ తీసేశారు. దాన్ని ఎన్నడూ చూడనివాళ్ళను ఇద్దరిని వెతికి, టూల్ ముట్టుకోనివ్వకుండా, మొదటినుంచీ రాయించారు. నెలలు పట్టింది. ఆ పిల్ల పాతది చూసింది, తెలియకుండా అదే రాస్తుందేమో కాబట్టి ఆ పనికి పనికిరాదన్నారు, అది న్యాయమే. హెచ్‌ఆర్ వాళ్ళు మాత్రం, కోడ్ తీసేశాం కాబట్టి ట్రోఫీ తిరిగి ఇమ్మన్నారు. అందులో పెన్నులు పెట్టుకునేది, తీసి బల్లమీద పోసుకుని ఇచ్చేసింది. తర్వాత ఉద్యోగం పర్మనెంట్ చేస్తూ ఇచ్చిన ఉత్తరంలో ఒక కొత్త షరతు చేరింది. టూల్‌తో రాసిన కోడ్ మీద హక్కులన్నీ కంపెనీవి, బాధ్యతలన్నీ ఉద్యోగివి. అది నాకు చూపించి, ఇదెట్ల కుదురుతది మేడం అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. అయినా సంతకం పెట్టమనే చెప్పాను. లిఫ్టు పక్కన టీవీలో పట్టీలు పోయి క్రికెట్ వచ్చింది.

నేను రిటైరయ్యే వారంలో, ఎన్నో క్వార్టర్లు వాయిదా పడ్డ ఆ కొత్త స్కానర్ ఎట్టకేలకు వచ్చింది. బ్యాంకు పట్టుబట్టింది కాబట్టి వచ్చింది, నామీద ప్రేమతో కాదు. దాంట్లో నేను చూసిన ఆఖరి కోడ్ ఆ పిల్లదే. మనవాళ్ళు అడ్రసుల్లో రాసే వాటర్ ట్యాంక్ పక్కన, కిరాణా షాపు వెనక సందు అన్న మాటలను విడదీసే కోడ్. టూల్ లేకుండా రాసింది. ఈసారి టీమ్ లీడ్ ఆమెను, ఇది ఏ టూల్ ఇచ్చిందమ్మా అని అడిగాడట. నేనే రాసిన అంటే అనుమానంగా చూశాడట.

కోడ్ అంతా అయ్యాక చివర ఒక కామెంట్ ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు.

"ఇది నేనే రాసిన. పనిచేసింది. గుట్టకు పోయొచ్చిన."

ఎవరి మొక్కు తీర్చి వచ్చిందో నేను అడగలేదు. ఆలేరు మనిషిదో, మెషిన్‌దో, తనదో. కోడ్‌లో సొంత సంగతులు రాయకూడదని మా కంపెనీ రూలు. తీసేయమని చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. స్కానర్‌లో వేసి కూర్చున్నాను. అది ప్రపంచంలో అందరూ రాసిన కోడ్ అంతా వెతికి, ఇలాంటిది ఇంకెక్కడా లేదు అని తెరమీద రాసింది.